వంటావిడ చూసిన వెన్నెల

శ్రీసత్యకు చదవడమంటే ప్రాణం. అయితే ఆమె చదివేవాటిలో పరీక్షకు వచ్చేవి తక్కువ.

రాజమండ్రిలో లా కాలేజీలో చేరి అది రెండో ఏడు. వాళ్ళది భీమవరం అవతల ఉండి అనే ఊరి దగ్గర పల్లెటూరు. చేలోకి నీళ్ళొచ్చే బోదె తగాదాలో ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగి విసిగిపోయిన తండ్రి శ్రీరామరాజు, "ఇంకొకళ్ళ గుమ్మం ముందు నిలబడే పని లేకుండా మనింట్లోనే ఒక లాయరుండాలమ్మాజీ" అని ఆమెను పంపించాడు. వాళ్ళ బంధువర్గంలో ఆడపిల్లను ఆ చదువుకు పంపినవాళ్ళు అప్పటికి లేరు. పరాయి మగవాళ్ళు వస్తే ఆడవాళ్ళు లోపలి గదిలోకి వెళ్ళిపోయే ఇల్లు వాళ్ళది. క్లాసులోనూ శ్రీసత్యది అదే పద్ధతి. వెనక బెంచీలో కిటికీ పక్కన కూచునేది. హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ మేడం" అనేది. అంతటితో ఆ రోజుకి ఆమె గొంతుకి పని అయిపోయేది.

నోరు ఎంత తక్కువ పనిచేసేదో కళ్ళు అంత ఎక్కువ పనిచేసేవి. దానవాయిపేటలో ఆమె ఉండే హాస్టలు వీధి మలుపులోనే సంపూర్ణమ్మగారి అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. భర్త పోయాక ఇంటి ముందుగదిలో అరలు కొట్టించి ఆవిడ పెట్టుకున్న కొట్టు అది. చేతికొచ్చిన నవలనల్లా చదవడం, తెల్లారి మార్చుకోవడం శ్రీసత్యకు రోజువారీ పని. హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే సుప్రియ తుని అమ్మాయి, క్లాసులో ఫస్టు. "నీ కళ్ళకున్న ఓపికలో సగం కాంట్రాక్టు యాక్టు మీద పెడితే నాకు పోటీ వచ్చేదానివే" అనేది. శ్రీసత్య నవ్వి పేజీ తిప్పేది.

తొంభై ఎనిమిది డిసెంబరులో ఒక పొద్దున్న ఆమె దొరికిపోయింది.

ఎవిడెన్స్ యాక్టు చెప్పే దేవకుమారిగారు కాలేజీలో పాఠం అయ్యాక అట్నించటే కోర్టుకి వెళ్ళే లాయరు. నలభై దాటిన మనిషి. పాఠం చెబుతూ నడుస్తుందే తప్ప కూచోదు. ఆ రోజు నడుచుకుంటూ వచ్చి వెనక బెంచీ దగ్గర ఆగింది.

"ఎవిడెన్స్ యాక్టులో అంత కన్నార్పకుండా చదివే సెక్షనేదో మాక్కూడా చెప్పండి శ్రీసత్యగారూ."

క్లాసంతా వెనక్కి తిరిగింది. యాక్టు పుస్తకం మధ్యలో బైండు వేసిన పాత నవల ఒకటి ఉంది. దానికి అట్ట లేదు, పేరున్న పేజీ లేదు, రాసినవాళ్ళెవరో తెలీదు. రైసుమిల్లు యజమానిని ఎవరో చంపేశారు. మేనల్లుణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. శ్రీసత్య సరిగ్గా అక్కడ ఉంది. దేవకుమారిగారు నవల తీసి చంకలో పెట్టుకుని పాఠం కొనసాగించింది. గంట కొట్టాక దాంతోనే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాలుగైదు రోజులు శ్రీసత్యకు అన్నం సయించలేదు. సిగ్గు ఒక పక్క, మేనల్లుడు ఏమయ్యాడోనన్న బెంగ ఇంకో పక్క. పైగా పుస్తకం సంపూర్ణమ్మగారిది, తిరిగి ఇవ్వాలి. చివరికి ఆదివారం పొద్దున్న గుండె చిక్కబట్టుకుని ఆర్యాపురంలో దేవకుమారిగారి ఇంటికి వెళ్ళింది.

దేవకుమారిగారు వీధి అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. శ్రీసత్యను చూడగానే చేట పక్కన పెట్టి లేచింది.

"నువ్వే వస్తావనుకున్నాను. ఇదేం పుస్తకం?"

"సారీ మేడం. ఇంకెప్పుడూ క్లాసుకి తీసుకురాను."

"అది కాదు నేనడిగేది. చివరి పేజీలేవి?"

శ్రీసత్యకు అర్థం కాలేదు.

"చంపిందెవరో డిటెక్టివు చెప్పబోతాడు. గదిలో అందర్నీ కూచోబెడతాడు. 'హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు' అంటాడు. అంతే, పేజీలు లేవు! రెండు పూటలు నా పనులు మానుకుని చదివాను. నువ్వు చూసుకోలేదా?"

"నేను చివరి పేజీ ముందు చూడనండి" అంది శ్రీసత్య. అంటూనే, తనని తిట్టబోవడం లేదని తెలిసి ఊపిరి పీల్చుకుంది.

ఇద్దరూ కలిసి రిక్షాలో సంపూర్ణమ్మగారి కొట్టుకి వెళ్ళారు. ఆవిడ పుస్తకాన్ని చూసి తాపీగా నవ్వింది.

"అది కొన్నప్పట్నించీ అంతేనండి. పాత పుస్తకాల్లో కలిసొచ్చింది. అట్ట కూడా లేదు, ఇంకో కాపీ వెతుకుదామంటే పేరు తెలీదు."

"మరి ఎవరూ అడగరా?" అంది దేవకుమారిగారు.

"ఎందుకడగరూ? తిరిగిచ్చేటప్పుడు తలోమాటా చెప్పి పోతారు. పోస్టాఫీసాయన డాక్టరంటాడు. మా చెల్లెలు ఆ యజమాని పెళ్ళామే చేసిందంటుంది. నా మటుక్కు నేను, ఆ మేనల్లుడే. చూసినవాళ్ళున్నారుగా మరి! వంటావిడ చెప్పనే చెప్పింది, గోడ దూకుతుంటే వెన్నెల్లో చూశానని."

దేవకుమారిగారు వెళ్తూ వెళ్తూ పుస్తకం ఇంకొక వారం తన దగ్గరే ఉంచుకుంటానంది.

సోమవారం క్లాసుకి ఆ నవలతోనే వచ్చింది. కథంతా పావుగంటలో చెప్పి, "ఇది మన కేసు. ముద్దాయి మేనల్లుడు. ప్రాసిక్యూషన్ మురళీకృష్ణ" అంది. మురళీకృష్ణ గొంతున్న కుర్రాడు. కాలేజీలో మైకు దొరికితే వదలడు. "వంటావిడ సుప్రియ. నేను జడ్జిని. డిఫెన్స్..." అని వెనక బెంచీకేసి చూసింది. "ముందుగా చదివింది ఎవరో వాళ్ళే."

శ్రీసత్య మర్నాడే ఊరెళ్ళిపోదామనుకుంది. కాని మేనల్లుడు ఆమెకు ఇష్టమైన మనిషి. అతను చంపలేదని మొదటి ప్రకరణం నుంచీ ఆమె నమ్మకం. అతని తరఫున మాట్లాడడానికి మనిషి లేకపోవడం బాగోదనిపించింది. పుస్తకం తెచ్చుకుని, చేతిలో పెన్సిలు పట్టుకుని మొదటినుంచీ మళ్ళీ చదివింది. ఆ చదవడం వేరుగా ఉంది. ఇదివరకు ఆమె ఆ బంగళాలో తిరిగింది, మిల్లులో ఊక వాసన పీల్చింది, యజమాని భార్యతో పాటు ఏడ్చింది. ఇప్పుడు గోడ ఎత్తెంత, తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఎవరు ఎప్పుడు భోజనం చేశారు అని చూసుకుంటూ పోయింది. పన్నెండో ప్రకరణంలో ఆమె పెన్సిలు ఆగింది.

విచారణ రోజు క్లాసు కిక్కిరిసింది. మొదటి ఏడు వాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మురళీకృష్ణ వంటావిడ చేత చక్కగా సాక్ష్యం చెప్పించి కూచున్నాడు. శ్రీసత్య లేచింది. మొదటి మాట ఎవరికీ వినపడలేదు.

"కోర్టుకి వినపడాలి" అంది దేవకుమారిగారు.

"మీరు ముద్దాయిని ఏ వెలుగులో చూశారమ్మా?"

"వెన్నెల్లోనండి" అంది సుప్రియ, కొంగు భుజం చుట్టూ కప్పుకుని.

"అప్పుడు టైమెంత?"

"రాత్రి భోజనాల వేళండి."

"మొహం కనిపించిందా?"

"పిండారబోసినట్టుందండి వెన్నెల. ఎందుకు కనిపించదు?"

శ్రీసత్య పుస్తకం తెరిచింది. "హత్య జరిగిన మూడు రోజులకి దీపావళి అనీ, ఆ ఇంట్లో దీపాలు పెట్టలేదనీ పన్నెండో ప్రకరణంలో ఉంది. దీపావళి అమావాస్య. అమావాస్యకు మూడు రోజుల ముందు రాత్రి భోజనాల వేళకి వెన్నెల ఎక్కణ్ణించి వచ్చిందమ్మా?"

గుమ్మంలో వాళ్ళు ఈలలు వేశారు. మురళీకృష్ణ తల గోక్కున్నాడు. దేవకుమారిగారు ముద్దాయిని విడుదల చేసింది.

మధ్యాహ్నం హాస్టల్లో భోంచేస్తూ సుప్రియ అంది: "ఒక మాట చెబుదామనుకున్నానే. అది మిల్లు దీపమేమో, వంటావిడ వెన్నెలనుకుందేమో అని. కాని పుస్తకంలో లేదుగా! లేనిది చెబితే నువ్వూరుకోవు."

"ఊరుకోను" అంది శ్రీసత్య సంతోషంగా. పెరుగన్నం రెండోసారి వడ్డించుకుంది. ఆ వారమంతా జూనియర్లు ఆమెను చూసి "వెన్నెల కేసు అక్క" అనుకున్నారు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. సంపూర్ణమ్మగారి దగ్గర కొత్త నవల తెచ్చుకుంది. నరసాపురంలో మొదలవుతుంది. కథానాయిక హోరున కురిసే వానలో పంటు ఎక్కి గోదావరి దాటుతుంది. అవతలి గట్టు మీద దిగాక ఎండలో ఆమె పట్టుచీర తళతళలాడుతుంది. శ్రీసత్య అక్కడ ఆగిపోయింది. వానలో తడిసిన చీర తళతళలాడడమేమిటి? వాన ఎప్పుడు వెలిసింది? మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసింది. వెలిసినట్టు లేదు. పుస్తకం మూసేసింది. ఇంకొకటి తెచ్చింది. అందులో ఏడాది కిందట పోయిన మేనమామ పెళ్ళికి వచ్చాడు. మూడోదాంట్లో తప్పేమీ దొరకలేదు, కాని దొరుకుతుందేమోనని వెతుకుతూ చదివిందేమో, కథ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

"జ్వరమొచ్చిందేంటమ్మా నీకు?" అంది సంపూర్ణమ్మగారు. "అన్నీ సగంలో తెచ్చిచ్చేస్తున్నావు."

శ్రీసత్యకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరూ లాక్కోలేనిదనుకున్నది తన చేతులతోనే పాడుచేసుకున్నట్టనిపించింది. ఎవరితో చెప్పుకోవాలో తెలీక మళ్ళీ ఆర్యాపురం వెళ్ళింది.

దేవకుమారిగారు నవ్వుతుందనుకుంది గాని, నవ్వలేదు.

"నాకూ అయ్యింది" అంది. "ప్రాక్టీసులో చేరిన కొత్తలో. అంతకుముందు నీలాగే తెగ చదివేదాన్ని. తర్వాత సినిమాకెళ్ళినా తెర మీద వాళ్ళని క్రాసెగ్జామిన్ చేస్తూ కూచునేదాన్ని. మా ఆయన నన్ను సినిమాలకి తీసుకెళ్ళడం మానేశారు."

"మరి ఈ నవల ఎలా చదివారండీ?"

"తప్పులు పడదామనే మొదలుపెట్టాను. నువ్వేం చెత్త చదువుతున్నావో నీకు చూపించాలని. మధ్యలో ఎక్కడ మర్చిపోయానో తెలీదు. దీనికి మందు నాకు తెలీదమ్మాయ్. గురువారం కోర్టుకి రా. సుప్రియని కూడా తీసుకురా. నిజం సాక్షి ఎలా ఉంటుందో చూద్దురుగాని" అంది.

గురువారం సుప్రియకు ఒంట్లో బాగోక శ్రీసత్య ఒక్కతే వెళ్ళింది. సీతానగరం వైపు ఒక ఊళ్ళో దారి తగాదా అది. ఊళ్ళోంచి ఏటిగట్టు మీదికి ఒక చేను పక్కనుంచి కాలిదారి ఉండేదని ఊరివాళ్ళు, అలాంటి దారే లేదని ఆ చేను ఆసామీ. ఆసామీ కంచె వేసుకున్నాడు. దేవకుమారిగారు ఆసామీ తరఫు లాయరు. ఊరివాళ్ళ తరఫున సాక్ష్యం చెప్పడానికి బుల్లెమ్మ అనే ముసలావిడ వచ్చింది. నీరుకావి చీర, చెవులకు బరువైన పాత కమ్మలు. బోనులో కమ్మీ పట్టుకుని నిలబడి, తాను కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆ దారి ఉందని, తమ పాడి ఆ దారినే తిరిగేదని, భర్త పోగానే దాన్ని అమ్మేశామని చెప్పింది.

దేవకుమారిగారు లేచింది. గొంతు మెత్తగా ఉంది.

"ఆ దారిన మీరెప్పుడు వెళ్ళారు మామ్మగారూ?"

"ఎప్పుడూ వెళ్తానే ఉంటామండి. వరదొచ్చినేడు గేదెల్ని గట్టు మీదికి తోలుకుపోయింది ఆ దారినేనండి. పీకల్లోతు నీళ్ళండి."

"ఏ వరద? యాభై మూడా, ఎనభై ఆరా?"

"ఎనభై ఆరేనండి. మా మనవరాలు చంటిపిల్లండి అప్పటికి."

"మీ ఆయన పోయి ఎన్నేళ్ళైంది?"

"ఆ వరదకి రెండేళ్ళ ముందు పోయారండి."

"ఆయన పోగానే పాడి అమ్మేశామని ఇందాక మీరే చెప్పారు. అవునా?"

"అవునండి. చేసేవాళ్ళు లేక అమ్మేశామండి."

"అమ్మేసిన గేదెల్ని రెండేళ్ళ తర్వాత ఎలా తోలుకెళ్ళారమ్మా?"

బుల్లెమ్మ జడ్జిగారి కేసి చూసింది, లాయర్ల కేసి చూసింది. వెనక బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. "ఏమోనండి" అంది బుల్లెమ్మ. మళ్ళీ, "నాకు తెలీదండి" అంది. దేవకుమారిగారు కూచుంది. భోజన విరామానికి కోర్టు లేచింది.

శ్రీసత్యకు చప్పట్లు కొట్టాలనిపించలేదు. బయట వరండాలో కుండ దగ్గర బుల్లెమ్మ నీళ్ళు తాగుతోంది. శ్రీసత్యను చూసి దగ్గరికి పిలిచింది.

"నువ్వు లోపలున్నావు గదమ్మా. నేను అబద్ధమాడినట్టుందా?"

"గేదెలు అమ్మేశారు కదా మామ్మగారూ" అంది శ్రీసత్య మెల్లగా.

"మావి అమ్మేశాం. అవి మా మరిదివి. వాళ్ళంతా ఊళ్ళో లేరు, నేనే తోలుకెళ్ళాను. ఎవరివి అని ఆవిడ అడగలేదు గదమ్మా."

శ్రీసత్య ఆవిణ్ణి బల్ల మీద కూచోబెట్టి పరుగున దేవకుమారిగారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ బార్ అసోసియేషన్ గదిలో క్యారేజీ విప్పి అన్నం కలుపుకుంటోంది. శ్రీసత్య చెప్పింది విని ముద్ద కలపడం ఆపింది.

"మరిదివా!" అంది.

"మీరెందుకు అడగలేదు మేడం?"

"అడగడం నా పని కాదు. క్రాస్ అయ్యాక సాక్షిని మళ్ళీ అడిగి సర్దుకునే హక్కు వాళ్ళ లాయరుకుంది. ఆయనకి తెలియాలి కదా, అడగాలంటే."

"ఆవిణ్ణి వెళ్ళి చెప్పమననా?"

"నువ్వు నా జూనియర్‌వి కాదింకా. ఒక మనిషి తన మాట తన లాయరుకి చెప్పుకోడానికి నా పర్మిషన్ ఏంటి?" అని దేవకుమారిగారు మళ్ళీ ముద్ద కలుపుకుంది.

మధ్యాహ్నం కోర్టు కూచోగానే అవతలి లాయరు లేచి, "ఆ గేదెలు ఎవరివి?" అని అడిగాడు. బుల్లెమ్మ చెప్పింది. మరిది పేరు, గేదెల రంగు, వాటిలో ఒకదానికి కొమ్ము విరిగి ఉండడం, అన్నీ చెప్పింది. ఇక ఆపమ్మా అనేదాకా చెప్పింది. దేవకుమారిగారు తల వంచుకుని ఏదో రాసుకుంది. తీర్పు తర్వాతి ఏడు వచ్చింది. ఆసామీ కంచె తీసేశాడు. దేవకుమారిగారు ఆ కేసు గురించి మళ్ళీ మాట్లాడలేదు. ఆవిడకి ఓడిపోయిన కేసుల గురించి మాట్లాడే అలవాటు లేదు.

ఆ సాయంత్రం శ్రీసత్య హాస్టలుకు తిన్నగా వెళ్ళలేదు. సంపూర్ణమ్మగారి కొట్టులో ఆగి, సగంలో వదిలేసిన నరసాపురం నవలని మళ్ళీ గదికి తెచ్చుకుంది. వాన, పంటు, పట్టుచీర. ఈసారి వాన దగ్గర ఆగింది గాని పుస్తకం మూయలేదు. ఈ గట్టున కుంభవృష్టి కురుస్తుంటే ఆ గట్టున ఎండ కాయడం గోదావరి మీద వింత కాదు, ఆమే ఎన్నోసార్లు చూసింది. చీర సంగతి మాత్రం తేలలేదు. పంటులో ఎవరైనా గొడుగు పట్టారేమో. రాసినవాళ్ళు చెప్పడం మర్చిపోయారేమో. అసలు తప్పే రాశారేమో. తప్పే అయితే తప్పే. ఆ అమ్మాయి గట్టు దిగి ఎవరింటికి వెళ్తోందో తెలుసుకోవాలనిపించింది శ్రీసత్యకు. పేజీ తిప్పింది. భోజనం గంట ఆమెకు వినిపించలేదు. సుప్రియ వచ్చి భుజం తట్టి తీసుకెళ్ళింది.

పూర్తిగా పాత శ్రీసత్య మాత్రం అవలేదు. తప్పులు కనపడడం ఆగలేదు. కనపడ్డప్పుడు చిన్నగా ముల్లు గుచ్చుకున్నట్టుండేది, కొన్ని పుస్తకాలు ఆ ముల్లు దగ్గరే ఆగిపోయేవి. ఎక్కువ పుస్తకాలు మాత్రం దాన్ని దాటించి తీసుకెళ్ళేవి. ఏది దాటిస్తుందో ఏది దాటించదో ముందు చెప్పడం ఆమెకు చేతకాలేదు. వెనక బెంచీ మాత్రం వదిలేసింది. ముందు వరసలో సుప్రియ పక్కన కూచుని, తెలీనిది అడగడం మొదలుపెట్టింది. మురళీకృష్ణ చెప్పేదానికి అడ్డం తగలడం కూడా అలవాటు చేసుకుంది.

ఏప్రిల్లో పరీక్షలు జరిగాయి. ఎవిడెన్స్ పేపర్లో సాక్షి మాటల్లో పొందిక లేకపోతే కోర్టు ఏం చూడాలన్న ప్రశ్న వచ్చింది. శ్రీసత్య ఊరూ పేరూ మార్చి ఒక ముసలావిణ్ణీ కొన్ని గేదెల్నీ జవాబులోకి తెచ్చింది. దిద్దినాయనకు అది ఎలా అనిపించిందో గాని మార్కులు మామూలుగానే వచ్చాయి. సుప్రియకి యథాప్రకారం ఫస్టు.

మూడో ఏడు మొదలయ్యాక దేవకుమారిగారు ఆమెను సాయంత్రాలు ఆఫీసుకి రమ్మంది. "ఫైళ్ళు చదివి పెట్టాలి. వందల పేజీలుంటాయి. విసుగొస్తే చెప్పు" అంది. శ్రీసత్య వెళ్ళింది. ఫైళ్ళు చదివింది. వాటిలో కొన్ని నవలల కంటే బాగున్నాయి. చాలామటుకు విసుగే పుట్టించాయి. ఆ మాట ఆవిడతో చెబితే, "నాకూ అంతేనమ్మా" అని ఇంకొక కట్ట ముందుకు తోసింది.